మెయిల్లో పెట్టిన గ్రానైట్ స్లాబ్ ఫోటోలు అవతలివాళ్లకి ఖాళీ డబ్బాలుగా ఎందుకు కనిపిస్తున్నాయి?

ప్రశ్న: చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. బయ్యర్లకి కొటేషన్లు, గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ స్లాబుల (పలకల) ఫోటోలు థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం నుంచి పంపుతాం. మెయిల్ మధ్యలో పెట్టిన ఫోటోలు ఒకరికి బాగానే కనిపిస్తున్నాయి, ఇంకొకరికి ఖాళీ డబ్బాలు. ఫోటోలు ఎక్కువ పెడితే మెయిల్ తిరిగొస్తోంది. ఫోటో చిన్నది చేసి పంపినా అంతే. ఒక బయ్యరేమో "మామూలు నల్లరాయిలా ఉందే" అన్నాడు. బోల్డ్, రంగులు ఒక్కోసారి మాయమైపోతున్నాయి. తెలుగులో పంపిన సర్క్యులర్ పిచ్చి అక్షరాలుగా వెళ్లింది. మా ఓనర్ గారు ఔట్‌లుక్ వాడతారు, ఆయన పంపే ఫోటోలు మాకు తెరుచుకోవు. దారి చెప్పగలరు.

సమాధానం:

ఒంగోలు, చీమకుర్తి వైపు ఆఫీసులకి మెయిల్ సెటప్ చేసిపెట్టడం ఏళ్ల తరబడి నా పని. మీరు రాసినవన్నీ అలవాటైన సమస్యలే. ముందు ఖాళీ డబ్బాల సంగతి చూద్దాం, బేరం చెడేది అక్కడే కాబట్టి.

మెయిల్లో ఫోటో రెండు రకాలుగా ఉండొచ్చు. ఫోటో ఫైలు మొత్తం మెయిల్‌తో పాటే వెళ్లడం ఒకటి. ఫోటో ఏదో వెబ్‌సైట్లోనే ఉండిపోయి, మెయిల్లో దాని అడ్రసు మాత్రమే వెళ్లడం రెండోది. మీరు మెయిల్ రాసే విండోలో ఈ రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, చిక్కంతా అదే. మీ కంపెనీ వెబ్‌సైట్లో రాతని, ఫోటోని కలిపి సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి మెయిల్లో పేస్ట్ చేస్తున్నారని నా అనుమానం. అలా చేస్తే వెళ్లేది అడ్రసే. అవతల జీమెయిల్ ఉంటే ఫోటో కనిపిస్తుంది, ఎందుకంటే 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బయటి ఫోటోలని తన సర్వర్ల మీదుగా తెప్పించి చూపిస్తోంది. అవతల ఔట్‌లుక్ ఉంటే బయటి ఫోటోలని మామూలుగా ఆపేస్తుంది. మెయిల్ ఎవరు ఎప్పుడు తెరిచారో పంపినవాళ్లకి తెలిసిపోయే దారి ఇదే కాబట్టి ఆపడంలో తప్పు లేదు. థండర్‌బర్డ్ కూడా ఆపుతుంది. అందుకే ఒకరికి స్లాబు, ఇంకొకరికి డబ్బా. రేపు మీ వెబ్‌సైట్ పని చూసుకునేవాళ్లు ఆ ఫోటో తీసేస్తే పాత మెయిల్స్‌లో కూడా అది పోతుంది.

సరిచేయడం తేలిక. మెయిల్ విండోలో ఆ ఫోటో మీద డబుల్ క్లిక్ కొట్టండి. ఇమేజ్ ప్రాపర్టీస్ డబ్బా తెరుచుకుంటుంది. అందులో లొకేషన్ దగ్గర వెబ్‌సైట్ అడ్రసు ఉంటే విషయం తేలిపోయినట్టే. కిందే "అటాచ్ దిస్ ఇమేజ్ టు ద మెసేజ్" అని టిక్ పెట్టే చోటు ఉంటుంది, టిక్ పెట్టండి. నన్నడిగితే అంతదాకా తెచ్చుకోకుండా, ఫోటోని ముందు కంప్యూటర్లో సేవ్ చేసుకుని, ఇన్సర్ట్ మెనూలో ఇమేజ్ నొక్కి ఫైలు ఎంచుకోవడం మేలు.

వర్డ్‌లో కొటేషన్ తయారుచేసి, అక్కడి నుంచి కాపీ చేస్తే ఇంకో తంటా. ఫోటో మీ కంప్యూటర్లో ఏదో తాత్కాలిక ఫోల్డర్లో ఉంటుంది, మెయిల్లో దాని దారి మాత్రమే పడుతుంది. థండర్‌బర్డ్ దాన్ని లోడ్ చేయకుండా ఆపి, విండో కింద ఒక పట్టీలో "ఫైలుని ఆపాను, అన్‌బ్లాక్ చేస్తే మెయిల్‌తో పాటు వెళ్తుంది" అని ఇంగ్లీషులో చెబుతుంది. చాలామంది ఆ పట్టీని చదవకుండా ఇంటూ కొట్టి మూసేస్తారు. దాన్ని చదవండి, అక్కడే అన్‌బ్లాక్ చేయండి.

నిజంగా ఫోటో లోపలే వెళ్లిందా అని చూడాలంటే, పంపిన మెయిల్ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కండి. మెయిల్ అసలు రూపం కనిపిస్తుంది. చూడగానే బెదరకండి. ఫోటో ఉన్న చోట "సిఐడి" అని మూడు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన కోలన్ గుర్తు, తర్వాత ఏదో పొడుగాటి కోడ్ ఉంటే ఫోటో మెయిల్లోనే ఉన్నట్టు. పోలీసు సీఐడీ కాదు, మెయిల్లోని ఏ ముక్కని అక్కడ చూపించాలో చెప్పే గుర్తు అది. ఆ చోట వెబ్‌సైట్ అడ్రసు కనిపిస్తే ఫోటో వెళ్లలేదు.

ఇక మెయిల్ తిరిగి రావడం. తిరిగొచ్చిన దాంట్లో 552 అనే అంకె ఉందేమో చూడండి. దాని పక్కన సైజు మాట కూడా ఉంటే కారణం బరువే. జీమెయిల్ నుంచి పంపేటప్పుడు హద్దు 25 ఎంబీ. కంపెనీల సొంత సర్వర్లలో చాలావాటికి ఇంకా తక్కువ పెట్టుకుంటారు, ఆ హద్దు మీకు కనపడదు, తిరిగొచ్చాకే తెలుస్తుంది. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. ఆరు స్లాబులు తీస్తే 24 ఎంబీలు అయింది కదా, హద్దులోనే ఉన్నాం కదా అనుకుంటారు. అక్కడే దెబ్బ తగులుతుంది.

ఈ-మెయిల్ పుట్టింది మామూలు ఇంగ్లీషు అక్షరాలు మోయడానికి మాత్రమే. ఫోటోలు, ఫైళ్లు మెయిల్లో ఎలా వెళ్లాలో చెప్పే మైమ్ అనే పద్ధతి 1992లో వచ్చింది. దాన్ని తయారుచేసినవాళ్లలో ఒకరైన నథానియెల్ బోరెన్‌స్టైన్ ఆ ఏడాది మార్చి 11న తన పాటల బృందం ఫోటో, పాట రికార్డింగు జతచేసి మెయిల్ పంపాడు. మైమ్ అటాచ్‌మెంట్లలో మొదటిదిగా చెప్పుకునేది అదే. అప్పుడూ ఇప్పుడూ కిటుకు ఒకటే. ఫోటోని అక్షరాలుగా మార్చి పంపడం. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ఏ ఫైలైనా దారిలో మూడో వంతు పైగా బరువెక్కుతుంది. మీరు స్లాబులని చెక్క ఫ్రేముల్లో బిగించి కంటైనర్‌కి ఎక్కించినప్పుడు చెక్క బరువు కూడా లెక్కలోకి వచ్చినట్టే. మీ 24 ఎంబీలు దారిలో 32 దాటతాయి. అవతలి సర్వర్ ఈ పెరిగిన బరువుని చూసి తిప్పి కొట్టొచ్చు.

"ఫోటో చిన్నది చేసి పంపినా అంతే" అన్నారు. ఎలా చిన్నది చేశారన్నదే ప్రశ్న. మెయిల్ విండోలో ఫోటో మూల పట్టుకుని లాగితే కంటికి కనిపించే సైజే తగ్గుతుంది, ఫైలు బరువు ఒక్క కేబీ కూడా తగ్గదు. అరచేయంత ఫోటో కనిపిస్తుంది, లోపల అయిదు ఎంబీలు అలాగే ఉంటాయి. ఫైలునే చిన్నది చేయాలి. పెయింట్‌లో తెరిచి, రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకుని వెడల్పు 1200 ఇవ్వండి, ఎత్తు దానంతటదే సరిపోతుంది. జేపీజీగా వేరే పేరుతో సేవ్ చేయండి, అసలు ఫోటో చెరిగిపోకుండా చూసుకోండి. సాధారణంగా కొన్ని వందల కేబీలకి దిగుతుంది. ఎక్కువ ఫోటోలుంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ ఉంది, ఫోల్డర్లోని ఫోటోలన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి తగ్గించుకోవచ్చు. ఔట్‌లుక్ వాడేవాళ్లకయితే ఫోటో మీద నొక్కితే వచ్చే పిక్చర్ ఫార్మాట్‌లో కంప్రెస్ పిక్చర్స్ ఉంది, అందులో ఈ-మెయిల్ కోసం 96 పీపీఐ (అంగుళానికి 96 పిక్సెల్స్) అని ఎంచుకోవచ్చు.

అయితే మీ సరుకు గెలాక్సీ. ఇక్కడ అందరూ చెప్పే సలహా మీకు సరిపోదు, కాస్త నిదానంగా చదవండి.

చీమకుర్తి గెలాక్సీకి ధర వచ్చేది నలుపుని చూసి కాదు, ఆ నలుపులో మెరిసే బంగారు చుక్కల్ని చూసి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఇప్పుడు లెక్క వేయండి. మూడు మీటర్ల పొడుగు స్లాబుని ఫోన్లో 4000 పిక్సెల్స్ వెడల్పుతో తీస్తే ఒక్కో పిక్సెల్‌లో పడేది ముప్పావు మిల్లీమీటరు రాయి. అదే ఫోటోని 1000 పిక్సెల్స్‌కి తగ్గిస్తే ఒక్కో పిక్సెల్‌లోకి మూడు మిల్లీమీటర్ల రాయి చేరుతుంది. సన్న చుక్క చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయి బూడిద రంగు మరక అవుతుంది. దానికి తోడు జేపీజీ పద్ధతే ఫోటోని 8 పిక్సెల్స్ పొడుగు, 8 వెడల్పు ఉన్న గళ్లుగా విడగొట్టి, గడిలోని సన్న వివరాన్ని ముందుగా వదిలేసి బరువు తగ్గిస్తుంది. గెలాక్సీలో సన్న వివరమే కదా సరుకు! వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోనే మెయిల్లో పెడితే అప్పటికే ఒకసారి ఇలా నలిగి ఉంటుంది. ఆ బయ్యర్‌కి మామూలు నల్లరాయిలా కనిపించడంలో వింతేమీ లేదు. రాయి బాగుంది, ఫోటో చంపేసింది.

అందుకని ఒక్కో బండిల్‌కి, అంటే కలిపి కట్టిన స్లాబుల కట్టకి, రెండు ఫోటోలు పంపండి. ఒకటి స్లాబు మొత్తం కనిపించేది, 1200కి తగ్గించినది. అది సైజు, అంచులు, గీతలు, మచ్చలు చూసుకోవడానికి. రెండోది దగ్గరగా తీసినది. అడుగు దూరం నుంచి, పక్కన స్టీలు స్కేలు పెట్టి తీయండి. దాన్ని రీసైజ్ చేయకండి. పెయింట్‌లో సెలెక్ట్ చేసి క్రాప్ చేసుకోండి, వెయ్యి పిక్సెల్స్ వెడల్పు ముక్క చాలు. తగ్గించడానికీ కత్తిరించడానికీ ఉన్న తేడా ఇదే. కత్తిరిస్తే మిగిలిన ముక్కలో చుక్క చుక్కలాగే ఉంటుంది, ఫైలు కూడా తేలికవుతుంది. స్కేలు ఉంటే చుక్క సైజు, చుక్కల ఒత్తు బయ్యరే కొలుచుకుంటాడు, మీరు మాటల్లో వర్ణించక్కర్లేదు.

తీసేటప్పుడు ఇంకో రెండు మాటలు. పాలిష్ పెట్టిన గెలాక్సీ అద్దం లాంటిదే, మీరూ మీ ఫోనూ వెనక షెడ్డు రేకులూ అందులో పడతాయి. ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా నిలబడి, నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. నల్లటి వస్తువు కనపడగానే ఫోన్ కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో నలుపు కాస్తా బూడిద అవుతుంది. స్క్రీన్ మీద తాకి వెలుతురు కొంచెం కిందికి లాగి తీయండి.

ఐఫోన్‌తో తీసేవాళ్లుంటే ఫోటోలు హెచ్ఈఐసీ రకంలో వస్తాయి, చాలా కంప్యూటర్లలో తెరుచుకోవు. ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టించండి. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో తీసిన చోటు వివరం కూడా ఫైల్లో దాక్కుని వెళ్తుంది. క్వారీ ఎక్కడో అందరికీ తెలియడం మీ ఓనర్ గారికి ఇష్టం లేకపోతే, ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో కిందున్న లింకు నొక్కి ఆ వివరాలు తీసేయొచ్చు.

మెయిల్లో ఈ రెండు ఫోటోలు పక్కపక్కన రావాలంటే స్పేస్‌బార్ నొక్కుతూ జరపొద్దు. మీ స్క్రీన్ మీద కుదిరినా అవతల చెదిరిపోతుంది. ఇన్సర్ట్ మెనూలో టేబుల్ ఉంది, రెండు కాలమ్స్ పెట్టండి. ఎడమ గడిలో స్లాబు, కుడి గడిలో దగ్గర ఫోటో, కింద వరసలో బండిల్ నంబరు, మందం, కొలతలు. ఒక కిటుకు చెబుతాను. టేబుల్ పెట్టేముందే మెయిల్ చివరి వాక్యాలు రాసేసుకోండి, టేబుల్‌ని వాటిపైన పెట్టండి. లేకపోతే టేబుల్ కిందికి కర్సర్ తేవడానికి నానా తిప్పలు పడాలి. ఫోటో మీద డబుల్ క్లిక్ కొట్టి డైమెన్షన్స్‌లో కస్టమ్ సైజు ఎంచుకుని, వెడల్పు 300 ఇచ్చి, కన్‌స్ట్రెయిన్ టిక్ పెట్టండి. రెండు ఫోటోలు కలిపి 600, మెయిల్స్ డిజైన్ చేసేవాళ్లు ఎప్పటినుంచో పాటించే వెడల్పు అదే. ఔట్‌లుక్ విండోస్ పాత వెర్షన్లు 2007 నుంచి మెయిల్‌ని చూపించడానికి వర్డ్ యంత్రాంగాన్నే వాడుతున్నాయి. వెడల్పు అంకె ఇవ్వని పెద్ద ఫోటోని స్క్రీన్ దాటించేస్తాయి. ఇక్కడ 300 అనేది చూపించే సైజు, ఫైల్లో పిక్సెల్స్ అంతకంటే ఎక్కువే ఉంటాయి కాబట్టి బయ్యర్ ఫోటోని సేవ్ చేసుకుని పెద్దది చేసి చూడొచ్చు. అయినా దగ్గర ఫోటోని అటాచ్‌మెంట్‌గా కూడా ఒకసారి విడిగా పెట్టండి, వాళ్ల ఆఫీసులో ఇంకొకరికి పంపుకోవడానికి సులువు.

అదే ఇమేజ్ ప్రాపర్టీస్ డబ్బాలో ఆల్టర్నేట్ టెక్స్ట్ అని అడుగుతుంది. అందరూ "డోంట్ యూజ్" టిక్ పెట్టేసి వెళ్లిపోతారు. అక్కడ బండిల్ నంబరు, మందం రాయండి. ఏ కారణం చేతనైనా ఫోటో రాకపోతే ఖాళీ డబ్బాలో ఈ మాటలు కనిపిస్తాయి, బయ్యర్ ఆ నంబరు చెప్పి మళ్లీ అడగ్గలడు. ఫైలు పేర్లు కూడా కెమెరా పెట్టిన అంకెలు వదిలేసి, బండిల్, స్లాబు నంబరు వచ్చేలా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి.

ఇదంతా ఒకసారి చక్కగా తయారయ్యాక ఫైల్ మెనూలో సేవ్ యాజ్, టెంప్లేట్ నొక్కండి. తర్వాత టెంప్లేట్స్ ఫోల్డర్లో దానిమీద డబుల్ క్లిక్ కొడితే కొత్త మెయిల్‌గా తెరుచుకుంటుంది, ఫోటోలు, అంకెలు మార్చుకుంటే సరి. కొంతమంది కొటేషన్ మొత్తాన్ని ఒకే పోస్టర్‌గా చేయించి, మాటలు లేకుండా ఆ ఒక్క బొమ్మ పంపుతారు. వద్దు. బొమ్మ తప్ప రాత లేని మెయిల్‌ని స్పామ్ ఫిల్టర్లు అనుమానంగా చూస్తాయి, పైగా రేటు కోసం వెతికితే బొమ్మలోని అక్షరాలు దొరకవు.

బోల్డ్, రంగులు మాయం కావడం చిన్న విషయమే. పైన ఫార్మాటింగ్ పట్టీ అసలు లేకపోతే మీరు మామూలు టెక్స్ట్‌లో రాస్తున్నట్టు. అకౌంట్ సెట్టింగ్స్‌లో కంపోజిషన్ అండ్ అడ్రెసింగ్‌లోకి వెళ్లి హెచ్‌టీఎంఎల్ (బోల్డ్, రంగులు, ఫోటోలు ఉండనిచ్చే పద్ధతి) టిక్ పెట్టండి. అప్పటికప్పుడు మారాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని కొత్త మెయిల్ బటన్ లేదా రిప్లై కొడితే రెండో పద్ధతిలో తెరుచుకుంటుంది. ఆప్షన్స్ మెనూలో పంపే ఫార్మాట్ ఎంచుకునే చోట హెచ్‌టీఎంఎల్, ప్లెయిన్ టెక్స్ట్ రెండూ కలిపి వెళ్లే ఎంపిక ఉంది, బయ్యర్లకి అదే పెట్టుకోండి. ఔట్‌లుక్ మాత్రం వచ్చిన మెయిల్ ఏ రకమో జవాబు కూడా ఆ రకంలోనే తెరుస్తుంది. ఎవరైనా ప్లెయిన్ టెక్స్ట్‌లో పంపితే జవాబులో రంగులు పనిచేయవు, ఫార్మాట్ టెక్స్ట్‌లో హెచ్‌టీఎంఎల్ నొక్కాలి. వేరేచోట నుంచి తెచ్చిన రాతని కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి పేస్ట్ చేయండి, వర్డ్ తెచ్చే చెత్త ఫార్మాటింగ్ రాకుండా ఉంటుంది. అయినా రంగులు నాలుగైదు వాడే కొటేషన్ చూస్తే నాకు పెళ్లి బ్యానర్ గుర్తొస్తుంది. రేటు ఒక్కటి బోల్డ్ చేస్తే చాలదా?

మెయిల్ చివర దానంతటదే పడే సంతకం దగ్గర జాగ్రత్త. ఒక ఆఫీసులో కంపెనీ లోగోని ప్రింటింగ్ కోసం చేయించిన పెద్ద ఫైలు అలాగే సంతకంలో పెట్టేశారు. "సరే సార్" అని జవాబిచ్చినా రెండు ఎంబీలు వెళ్లేది. పది జవాబులు సాగిన మెయిల్ తెరవాలంటేనే అక్కడివాళ్లు టెన్షన్ పడేవాళ్లు. లోగోని 200 పిక్సెల్స్ వెడల్పు పీఎన్‌జీగా చేయండి. లోగోకి పీఎన్‌జీ, ఫోటోకి జేపీజీ.

ఓనర్ గారి ఔట్‌లుక్ నుంచి మీకు విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అనే ఫైలు వస్తోందా? మీరు పేరు రాయలేదు కానీ లక్షణాలు దానివే. ఆయన ఔట్‌లుక్ రిచ్ టెక్స్ట్ పద్ధతిలో పంపుతోంది, అందులో ఫోటోలన్నీ ఔట్‌లుక్‌కి మాత్రమే తెలిసిన మూటలో కట్టి వస్తాయి. ఆయన కంప్యూటర్లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్‌లోకి వెళ్లి, మెసేజ్ ఫార్మాట్ దగ్గర రిచ్ టెక్స్ట్‌ని బయటికి పంపేటప్పుడు హెచ్‌టీఎంఎల్‌గా మార్చు అనే ఎంపిక పెట్టండి. ఆయన మీకు పంపినట్టే బయ్యర్లకి కూడా పంపుతున్నారేమో, ముందు అది చూసుకోండి.

తెలుగు సర్క్యులర్ ఒంగోల్లో డీటీపీ సెంటర్లో టైపు చేయించారా? అక్కడ ఇప్పటికీ 'అను' అనే పేరున్న ఫాంట్లే ఎక్కువ. అందులో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు, ఫాంట్ వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో వేషం తీసేసినట్టే. మెయిల్‌తో ఫాంట్ వెళ్లదు. కాబట్టి తెలుగుని యూనికోడ్‌లో (ప్రత్యేక ఫాంట్ లేకపోయినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) టైపు చేయండి, విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, చూపించడానికి గౌతమి, నిర్మలా యూఐ లాంటి ఫాంట్లు ఉన్నాయి. డీటీపీ వాళ్ల డిజైనే కావాలనుకుంటే పీడీఎఫ్ అడిగి తీసుకుని అటాచ్ చేయండి.

స్లాబ్ మీద నడుస్తూ తీసే వీడియోలు మాత్రం మెయిల్లో పెట్టకండి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇవ్వండి, లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే అనుమతి పెట్టారో లేదో మీ అకౌంట్ లేని వేరే ఫోన్లో తెరిచి చూసుకోండి.

ఇవన్నీ చేసి ముందు మీ సొంత జీమెయిల్‌కీ, ఓనర్ గారి ఔట్‌లుక్‌కీ ఒక మెయిల్ పంపి చూడండి. ఇంకా డబ్బాలే కనిపిస్తే, కంట్రోల్ యు నొక్కితే వచ్చే దాంట్లో ఫోటో ఉన్న ఒకటి రెండు వరసలు ఇక్కడ పెట్టండి. మెయిల్ అడ్రసులు, బయ్యర్ పేర్లు తీసేసి పెట్టండి.